వేన్ అంటే ఎక్కడ

మా రాయచోటిలో ఆషాఢమంటే గాలి, కంట్లో దుమ్ము.
సలాలాలో ఆషాఢమంటే తుంపర.
కొండలు పచ్చబడతాయి,
ఒంటెలు పొగమంచులో సగం సగం కనపడతాయి,
ఎండకు తాళలేని షేకులు దుబాయి నుంచి కార్లేసుకొని
వాన చూసేదానికి వస్తారు.

ఆ కార్ల నడుమ దారి అడుక్కుంటా
మజ్యూనా సరిహద్దు నుంచి అంబులెన్సు దిగింది.
రాత్రి రెండు. నేను కారిడార్ తుడుస్తా ఉండా.

ముగ్గురు.
మూత్రపిండాలు చెడిన ముసలాయన,
ఎవరో ఇచ్చిన ఖర్జూరాల పొట్లం
సూదులు గుచ్చేటప్పుడు కూడా వదల్లేదు.
కడుపుతో ఉన్న ఆడమనిషి, కండ్లకు కట్టు.
ఇంగ పిల్లోడు. నష్వాన్. పదకొండేండ్లు. తైజ్ పక్క పల్లె.
మేకల వెంట పోతే మందుపాతర.

కాగితంలో అన్నీ నింపినారు,
పేరు, రక్తం, కుడికాలు మోకాటి కింద.
‘తోడు’ అనే గడి మటుకు ఖాళీ.
జేజి గేటు దాకా వచ్చిందంట,
ఆమె కాగితానికి ముద్ర లేదంట.

నా అరబ్బీ బడిలో నేర్చింది కాదు.
కువైట్లో తొమ్మిదేండ్లు, వంటింట్లో.
అందుకే నాకొచ్చినవన్నీ పురమాయింపులే.
జీబీ, తీసుకురా.
ఇగ్సిలీ, కడుగు.
ఉస్కుతీ, నోరు ముయ్యి.
ఓదార్చే మాట ఆ ఇంట్లో నా మీద ఎవరూ వాడలేదు,
నాకెట్ల వస్తాది?

తెల్లారుజామున మత్తు దిగింది వాడికి.
సూడాన్ డాక్టరు పై అంతస్తులో,
మలయాళీ సిస్టరు ముసలాయన మిషను కాడ.
వాడు దుప్పటి ఎత్తి చూసుకున్నాడు. అరవలేదు.
నా పక్క తిరిగి,
పెన్సిలు పోయినోడి మాదిరి అడిగినాడు
"వేన్ రిజ్లీ?"

వేన్ అంటే ఎక్కడ.
ఆ మాట నాకంటే బాగా ఎవరికి తెలుసు.
వేన్ గరిటె, వేన్ ఇస్త్రీపెట్టె,
వేన్ మేడమ్ ఉంగరం,
దానికోసం నన్ను రెండు దినాలు గదిలో పెట్టి తాళమేసినారు,
సోఫా సందులో దొరికింది.
ఎక్కడ అంటే చూపించడమే కదా నా బతుకు.
రిజ్ల్ అంటే కాలు.

జవాబు ఒకటుంది. మాఫీ.
లేదు అని.
ఉప్పు మాఫీ, జీతం మాఫీ, సెలవు మాఫీ,
గల్ఫులో కాలు పెట్టినోళ్లకు మొదట వచ్చే మాట.
మా ఊర్లో మాఫీ అంటే
బ్యాంకోడు అప్పు కొట్టేయడం.
ఆడ తీరిపోవడం, ఈడ లేకపోవడం.
దాన్ని నోట్లో పెట్టుకొని శానాసేపు నిలబడినా.
వాడి కాలి లెక్కలో ఎవరు ఎవరికి బాకీనో,
ఎవరు కొట్టేయాలో నాకు తెలీదు.

చెప్పలేదు.
మాప్ గోడకానించి
"ఇస్మీ ఓబుళమ్మ" అన్నా. నా పేరు అని.
వాడు నోట్లో తిప్పుకున్నాడు.
అబూ… ల్… ఉమ్మ?
అబూ అంటే నాయన, ఉమ్మ అంటే అమ్మ.
ఇద్దరూ ఒకే పేర్లో దొరికినందుకు నవ్వబోయినాడు,
నవ్వు సగంలో నొప్పి తగిలింది,
నా వేలు పట్టి పిండినాడు.
ఫినాయిలు వాసన పోని వేలు.

సిస్టరు వచ్చి చూసి, ఏమీ అనకుండా
‘తోడు’ గడిలో నా పేరు రాసింది.
మస్కట్ విమానం వరకే, అనింది.

ఏడుకు మళ్లా తుంపర.
స్ట్రెచర్ చక్రాలు తడి నేల మీద కీచుమంటాండాయి.
తలుపు కాడ ఆపమన్నాడు.
"వేన్ నఆలీ?"

చెప్పు. ఎడమకాలిది. నీలం రంగు,
తెగిన పట్టీకి ఎవరో తీగతో కుట్టినారు.
పసుప్పచ్చ సంచిలో పారేయాలని రూలు.
నేను రాత్రే సబ్బేసి కడిగి
ఏసీ గాలికి ఆరబెట్టినా.

"హినీ" అన్నా. ఇక్కడ.
ఉన్న కాలికి తొడిగినా.
ఇంకా కొంచెం తడి ఉండాది.